విలన్ గారి అలక

మా నాన్నగారు ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యారు గానీ, ఇంగ్లీషు మాత్రం ఆయన దగ్గర రిటైరవలేదు. ఎవరి నోటినుంచైనా ఒక మాట జారితే చాలు, అది పూర్వం ఎలా ఉండేదో, ఎవరి చేతిలో పడి చెడిపోయిందో చెప్పందే వదలరు. 'సిల్లీ' అంటే ఒకప్పుడు పుణ్యాత్ముడట. 'గర్ల్' అంటే మగపిల్లాడైనా సరేనట. అన్నం ముందు కూర్చుని ఇవన్నీ వినీ వినీ విసుగెత్తి నేను లెక్కల గ్రూపు తీసుకున్నాను.

ఆయన్ని ఓపిగ్గా వినే మనిషి నిడదవోలు మొత్తానికి ఒక్కరే, ఎదురింటి మావయ్యగారు. చుట్టరికం ఏమీ లేదు. వరి రైతు. పొద్దున్నే పొలం చూసుకొచ్చి మా వరండాలో కాఫీ తాగుతూ, "అలాగా మాస్టారూ!" అని ఆశ్చర్యపోవడం ఆయనకి అలవాటు. అలా ఆశ్చర్యపోయేవాళ్ళు దొరకడం ఎంత కష్టమో నాన్నగారికి అప్పట్లో తెలీదు.

మావయ్యగారి అమ్మాయికి పెద్దాపురం సంబంధం కుదిరింది. తాంబూలాల రోజు భోజనాల దగ్గర, గౌరవం కోసం నాన్నగారిని కొత్త వియ్యంకుడి పక్కన కూర్చోబెట్టారు. మాటల్లో ఆ వియ్యంకుడు ఏదో సినిమాలో విలన్ బాగా చేశాడన్నాడు. నాన్నగారి చేతిలో బూరె ఆగిపోయింది.

"అసలు విలన్ అంటే ఎవరనుకున్నారండీ? పూర్వం ఇంగ్లండులో జమీందారు పొలంలో పనిచేసే రైతు. అంటే మా బావగారు అసలు సిసలు విలనన్నమాట!"

బంతి బంతంతా నవ్వింది. వియ్యంకుడికైతే పొలమారింది. మర్నాటి నుంచి ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "ఏంటండీ విలన్ గారూ, కులాసానా?" అనడం మొదలుపెట్టాడు. ఆడపిల్ల తండ్రి, తిరిగి ఏమంటాడు? మావయ్యగారు ఆ కోపమంతా మా కాఫీ మీద చూపించారు. రావడం మానేశారు.

అమ్మ పనసపొట్టు ఆవపెట్టి వండి పంపింది. మా వైపు ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి పంపుతారు. మా గిన్నె శుభ్రంగా తోమి, తుడిచి, ఖాళీగా వచ్చింది. అమ్మ దాన్ని బోర్లించి కూడా చూసింది. పులిహోర పంపింది, బొబ్బట్లు పంపింది. కూరలన్నీ అటే వెళ్తున్నాయి, మాకు పచ్చడే గతి.

"నేను చెప్పింది తప్పా? ఏ డిక్షనరీలోనైనా చూసుకోమను," అన్నారు నాన్నగారు.

"డిక్షనరీ వచ్చి మీతో కాఫీ తాగుతుందా?" అంది అమ్మ.

ఆయన రోజూ పొద్దున్నే రెండు కుర్చీలు వేసి, ఒకదాంట్లో కూర్చుని పేపరు పైకి చదువుకునేవారు. నాకు ఒళ్ళు మండేది, జాలీ వేసేది.

చివరికి ఒక ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జన్మలో వీధిలో గిన్నె పట్టుకుని ఎరగని మనిషి, ఆవడల గిన్నె పట్టుకుని బయల్దేరారు. ఒలికిస్తారన్న భయంతో నేనూ వెళ్ళాను.

మావయ్యగారు లేచి, "రండి సార్, కూర్చోండి సార్," అన్నారు. మాస్టారు కాస్తా సార్ అయ్యేసరికి నాన్నగారి మొహం వాడిపోయింది. అత్తయ్యగారు ఆవడలు లోపలికి పట్టుకెళ్ళారు.

మావయ్యగారు గోడకేసి చూస్తూ అన్నారు. "ఇంతకీ ఫార్మర్ అంటేనో? అది కూడా పూర్వం ఏ దొంగో అయ్యుంటుంది లెండి."

నేను చటుక్కున నాన్నగారి వైపు చూశాను. ఎందుకంటే నాకు తెలుసు. ఫార్మర్ అంటే మొదట్లో దున్నేవాడు కాదు, శిస్తు వసూలు చేసేవాడు. నాకు చెప్పింది నాన్నగారే, అదీ ఎన్నోసార్లు. ఆయన నోరు తెరిచారు. మూశారు.

"రైతేనండి బావగారూ," అన్నారు. "అప్పుడూ రైతే, ఇప్పుడూ రైతే."

"అలాగా మాస్టారూ!" అన్నారు మావయ్యగారు. అని లోపలికి కేకేశారు. "ఏమేవ్, గేదె ఈనిందిగా, మాస్టారి గిన్నెలో జున్ను పెట్టు!"

వీధి దాటుతూ ఆగలేకపోయాను. "నాన్నగారూ, ఫార్మర్ అంటే శిస్తు వసూలు చేసేవాడని మీరే కదా..."

"అర్థాలు మారుతుంటాయే," అన్నారాయన. "ముందు గిన్నె సరిగ్గా పట్టుకో."