చక్కెరపండ్లు

కలకండ పలుకు మద్దమ్మ నాలుక మీద ఇంకా కరగనే లేదు, రెడ్డిగారి కోడలు రామసుబ్బమ్మ వచ్చి రెండు దవడలూ నొక్కి పట్టుకుంది. చూపుడువేలు గొంతుదాకా పోనిచ్చి, ఆ పలుకును బయటికి లాగి పెరట్లోకి విసిరేసింది. "సంగటి తినే నోట్లో చక్కెరేందే నీకు?" అంది. అప్పటికి మద్దమ్మ ఆ ఇంట్లో కసువు ఊడ్చే పిల్ల. పాలపండ్లు కూడా పూర్తిగా ఊడలేదు. దేవుడి గూటి ముందు పడి ఉన్న పలుకును చీపురుతో ఊడ్చేయడానికి మనసొప్పక నోట్లో వేసుకుంది, అంతే.

పెండ్లయింది, కూతురు పుట్టింది, కూతురికి కూతురు పుట్టింది. ఆ వేలు మాత్రం మద్దమ్మ నోట్లోనే ఉండిపోయింది.

ఆ ఊళ్లో ఒక మాట ఉండేది, చక్కెరపండ్లు అని. చెట్టుకు కాసేవి కావు. రెడ్డిగారి ఇంటి పసిపిల్లల నోట్లో ముందుపండ్లు నల్లబడి, అరిగి, మిరియపు గింజల్లా మిగిలేవి. కూలివాళ్ల పిల్లలు తెల్లటి గట్టి పండ్లతో జొన్నకంకులు కొరికేవాళ్లు. అయినా ఆ తల్లులు తమ పిల్లల నోళ్లు చూసుకుని మురిసిపోలేదు. రెడ్డిగారి పిల్లలను చూసి, "కలిగినోళ్ల బిడ్డ గదా, చక్కెరపండ్లు వచ్చినాయి" అని నిట్టూర్చేవాళ్లు. పెద్దింట్లో కనిపిస్తే కుళ్లు కూడా నగే వాళ్లకు. మద్దమ్మ అందరికంటే గట్టిగా నమ్మింది ఆ మాటను.

కర్నూలుకు రాజధాని వచ్చిన కాలంలో ఆమె దశ తిరిగింది. అల్లుడు గిడ్డయ్య డోన్ స్టేషన్లో మూటలు మోసేవాడు. కర్నూలుకు పోయే పెద్దమనుషులూ, అర్జీలు పట్టుకున్న చిన్నమనుషులూ అందరూ డోన్‌లో దిగి బండి మారవలసిందే. అందరికీ టీ కావాలి. మద్దమ్మ స్టేషను బయట రేకుల కింద పొయ్యి పెట్టింది. చక్కెర మీద రేషను కంట్రోలు కూడా ఎత్తేశారు కాబట్టి పొయ్యి వెనకే బస్తా వచ్చింది. బస్తా మూతి విప్పిన రోజే ఆమె గుప్పెడు చక్కెర పలుచని గుడ్డలో కట్టి, మనమరాలు ఉరుకుందమ్మ నోటికి అందించింది.

"తిను తల్లీ. యా రెడ్డమ్మ వచ్చి ఏలు పెడతాదో నేనూ చూస్తా!"

పిల్ల ఆ మూట చప్పరిస్తూ నిద్రపోయేది, చప్పరిస్తూనే లేచేది. ఏడాది తిరిగేసరికి ముందుపండ్ల మీద గోధుమరంగు చార పడింది, తర్వాత నలుపెక్కింది. మద్దమ్మ టీకి వచ్చినవాళ్లందరికీ పిల్ల పెదవి పైకెత్తి చూపించడం మొదలుపెట్టింది.

జట్కా తోలే ఇమాం బాషా ఒంగి చూశాడు. "ఏం మద్దక్కా, పిల్ల నోట్లో బొగ్గులు పోసినావా?"

"బొగ్గులు నీ కొంపలో! చక్కెరపండ్లప్పా ఇవి. రెడ్డోళ్ల బిడ్డలకు వచ్చేవి."

"అట్లయితే నాకూ నాలుగు ఇయ్యి. నా గుర్రానికి పెడతా. రెడ్డోళ్ల గుర్రమని చెప్పి బాడుగ ఎక్కువ అడుగుతా."

టీ తాగుతున్నవాళ్లకు పొలమారింది. మద్దమ్మ కూడా పడీపడీ నవ్వింది.

ఉరుకుందమ్మ సంగటి ముద్ద ఉమ్మేసిన రోజు ఆ నవ్వు ఆగింది. పిల్ల దవడ వాచింది. లవంగం నూరి పెట్టారు, పంటి పురుగు రాలుతుందని వాకుడు గింజల పొగ పట్టించారు. పురుగు రాలలేదు, ఏడుపు ఆగలేదు. "అవ్వా, నాకీ పండ్లు వద్దు" అంది పిల్ల. ఈ దేశంలో పేదవాడి గడపకు రోడ్డు రాదు, దీపం రాదు, బడి రాదు. కలిగినవాళ్ల జబ్బు మాత్రం అడ్రసు కనుక్కుని మరీ వస్తుంది.

మద్దమ్మ పిల్లను చంకనేసుకుని కర్నూలు ఆస్పత్రికి పోయింది. అక్కడి బల్ల మీద రామసుబ్బమ్మ కూర్చుని ఉంది. పక్కన దవడకు గుడ్డ కట్టుకున్న మనవడు.

"మద్దీ, నువ్వా? నీ పిల్లకేమొచ్చె?"

"మీ పిల్లోనికి వచ్చిందేనమ్మా."

డాక్టరు కోస్తావైపు కుర్రవాడు. ఇద్దరు పిల్లల నోళ్లూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూశాడు, వెనక నిలబడ్డ వాళ్లను చూడలేదు. "ఒకే ఇంటి పిల్లలా? ఒకే చేత్తో చేసినట్టు పుచ్చాయి పళ్లు" అన్నాడు.

రామసుబ్బమ్మ ముఖం ఆముదం తాగినట్లయింది. మద్దమ్మకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లుగా కోరుకున్న మాటే అది. ఆ మాట విని పొంగిపోదామని మనమరాలి వైపు తిరిగింది. వాచిన దవడ, చొంగ, కన్నీళ్లు. నవ్వు సగంలోనే మింగేసింది.

"ఏం పెడుతున్నారు పిల్లలకి?"

"చక్కెర" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

డాక్టరు తల పట్టుకున్నాడు. "రాత్రంతా నోట్లో తీపి పెడితే ఇనుమైనా పుచ్చుతుంది. మానిపించండి. సంగటి పెట్టండి, వేపపుల్లతో తోమించండి. లేకపోతే రేపు వచ్చే పళ్లూ ఇంతే."

పుచ్చిన పండ్లు పీకించుకుని ఇంటికి వచ్చాక పిల్ల చక్కెర మూట కావాలని మారాం చేసింది. మద్దమ్మ కొత్తగా కట్టి ఉంచిన మూటను చేతిలోకి తీసుకుంది. ఆమె గెలుపంతా ఆ మూటలోనే ఉంది. అయినా ముడి విప్పి, చక్కెరను టీ గిన్నెలోకి వంచి, గుడ్డను పొయ్యిలో వేసింది.

మూడు నాలుగేళ్లకు ఒక ఎండాకాలంలో రామసుబ్బమ్మ మనవడితో కలిసి, బండి మారడానికి డోన్‌లో దిగింది. బండి ఎప్పటిలాగే ఆలస్యం. రేకుల కింద ఉరుకుందమ్మ సంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి ముందు పెట్టుకుని తింటోంది. కొత్తగా మొలిచిన పండ్లు బియ్యపు గింజల్లా మెరుస్తున్నాయి. రామసుబ్బమ్మ మనవడు మెల్లగా వచ్చి పిల్ల ఎదురుగా చతికిలబడ్డాడు. ఆ పిల్ల ఏమీ అడగకుండా ఒక ముద్ద వాడి నోట్లో పెట్టింది.

"రేయ్, యాడ తింటాండావురా!" అంటూ రామసుబ్బమ్మ పరుగెత్తుకొచ్చింది. వాడి దవడలు నొక్కింది, చూపుడువేలు చాపింది. మద్దమ్మ టీ గరిటె కింద పెట్టి, ఆ వేలిని మెల్లగా పట్టుకుంది.

"ఏలు తియ్యమ్మా. అది చక్కెర కాదు, సంగటి. తిననీ పిల్లోన్ని. తపేలాలో ఇంకా శానా ఉండాది. నువ్వూ కూచో, నీకూ ఒక ముద్ద పెడతా."