ఎర్రనీళ్ల కొళాయి

కాన్పు తర్వాత రక్తం ఆపేది ఎట్లాగో ఆదోని నర్సు ట్రైనింగులో మాకు నేర్పిన నర్సక్కను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆమె తనే బాలింత మాదిరి బల్ల మీద పడుకునేది. నడుముకు ఎర్రనీళ్ల సంచి కట్టుకుని, దుప్పటి కింద దాని కొళాయి పట్టుకునేది. మేం పొత్తికడుపు సరిగ్గా రుద్దితే కొళాయి కట్టేయాల. తడబడేవాళ్లకు తొందరగానే కట్టేసేది. నేను బాగా చేసేకొద్దీ మాత్రం ఇంకా తిప్పేది. పైన ఫ్యాను వైపు చూస్తా, "ఇంకా పోతాంది, సూడు పాపా" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆఖరి రోజు ఆమె నర్సు, మేం బాలింతలం. సంచి నేనే అడిగి కట్టుకున్నా. పగ తీరేదాకా వదలకూడదని కొళాయి మొత్తం తిప్పేసినా. ఆమె కొంగు తడిసిపోయింది, నుదుటి నుంచి చెమట కారింది.

"ఇంకా పోతాంది, సూడక్కా" అన్నా కసిగా.

సంచి ఖాళీ అయింది. ఆమె చేతులు మాత్రం నా కడుపు మీద నుంచి లేవలేదు.

"నీళ్లు అయిపోయినాయి కదక్కా, ఇంక వదులు."

"అయిపోయేది వేరు, ఆగేది వేరు పాపా."

ఆ రోజు కూడా ఆమే గెలిచింది.

ఇప్పుడు ఎమ్మిగనూరులో నేనే బల్ల మీద పడుకుని నేర్పుతాండాను. నిన్న ఒక పిల్ల చక్కగా రుద్దుతాంటే కొళాయి పెంచినా. నమిలి మింగేసేటట్టు చూసింది నన్ను. ఆ చూపు నాకు తెలుసు. అంత కసి ఉన్నోళ్ల చేతులు మధ్యలో లేవవు.

ఫ్యాను వైపు చూస్తా, ఇంకొంచెం తిప్పినా.