బామ్మ దారి మళ్ళించిన కాకులు

నెయ్యి వేసి నువ్వులు చల్లిన వేడి అన్నం వాసన ఈ మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ డాబా అంతా పరుచుకుంది. ఇవాళ బామ్మ తద్దినం. నాన్న పిట్టగోడ మీద విస్తరి పెట్టి, కళ్ళు చిట్లించుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. కాకి రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు మన మీద ఏదో కినుక ఉన్నట్టని మా ఇళ్ళల్లో నమ్మకం. మామూలుగా ఇలాంటివి పట్టించుకోని నాన్న ముఖం కూడా, వాళ్ళమ్మ విషయమయ్యేసరికి చిన్నబోయింది. నాకు మాత్రం బామ్మ చేతిలోని ఇత్తడి గిన్నె గుర్తుకొచ్చింది.

అప్పట్లో మేం చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో ఒక పాత ఇంట్లో ఉండేవాళ్ళం. వేసవంటే మాకు తడిసిన వట్టివేళ్ళ కూలర్ వాసన, డాబా మీద పాత చీరల మీద ఆరే సగ్గుబియ్యం వడియాలు, నారాయణగూడ బేకరీ నుంచి నాన్న పొట్లం కట్టించుకొచ్చే ఉస్మానియా బిస్కెట్లు, ఇంకా తెల్లవారుతుండగానే కుంట దాకా నడక. అశోక్ నగర్ వెనక నాలా పక్కన పల్లంలో ఉన్న ఆ కుంట, అంతకుముందు ముక్కు మూసుకుని దాటాల్సిన మురికిగుంట. కాలనీవాళ్ళు చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి మురుగునీరు మళ్ళించి, గుర్రపుడెక్క పీకించి, ఒడ్డున జమ్ము నాటించారు. ఆ తరవాత ఎవరూ పిలవకుండానే పిట్టలొచ్చాయి. కొంగలు, లకుముకి పిట్టలు, చూస్తుండగానే నీళ్ళలో మాయమయ్యే బుడుబుంగలు, నల్లటి వీపూ తెల్లటి రొమ్మూ ఉన్న నీటికోళ్ళు.

మా పిల్లల గుంపుకు పెద్ద సుజాతక్క. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేది. గదిలో ఉక్క భరించలేక పుస్తకంతో కుంట గట్టుకు వచ్చేది, వచ్చాక ఆ పుస్తకం మూసేసి మాతో పాటు పిట్టల్ని చూసేది. అందరికీ కలిపి ఉన్నది ఒకటే బైనాక్యులర్. అది ఎవరి మెడలో ఉంటే ఆ పూటకు వాళ్ళే మహారాజు. బామ్మకు ఇవ్వబోతే, "అద్దాల మీద అద్దాలేమిటే, తీసెయ్" అని విసుక్కునేది.

నిజానికి బామ్మ వచ్చేది పిట్టల కోసం కాదు. తాతయ్య పోయినప్పటి నుంచీ తొలి ముద్ద కాకికి పెట్టనిదే తను మెతుకు ముట్టేది కాదు. మా సందులో కాకులు కనబడటం తగ్గిపోయింది. కుంట దగ్గర మాత్రం పిలిస్తే పలికేవి. అందుకని వేకువనే గుప్పెడు బియ్యం వండి, ఇత్తడి గిన్నెలో పట్టుకుని మాతో బయల్దేరేది. ఆవిడను చూసి పక్కింటి మామ్మగారు, మామ్మగారిని చూసి వాళ్ళ వియ్యపురాలు, అలా నలుగురూ మొదలుపెట్టేసరికి కాకులకు ఆ గట్టు పెళ్ళిపందిరి అయిపోయింది.

ఆ ఏడు రోహిణీ కార్తెలో జమ్ము మధ్య ఒక నీటికోడి గూడు కట్టి గుడ్లు పెట్టింది. అవి ఎప్పుడు పిల్లలవుతాయా అని మేం రోజూ తహతహలాడేవాళ్ళం. ఒక పొద్దున వెళ్ళేసరికి, మెతుకులు మింగిన ఒక కాకి అటు నుంచి అటే జమ్ములో దూరి, గుడ్డు ముక్కున కరుచుకుని లేచింది. తల్లిపిట్ట అరుపుకి మా అందరికీ ఏడుపొచ్చింది.

సుజాతక్క నెమ్మదిగా బామ్మ దగ్గరికి వెళ్ళింది. "నానమ్మా, ఏమనుకోకుండ్రి. మీరందరు బువ్వ పెట్టవట్టి కాకులన్ని ఈడనే మకాం పెట్టినయ్. గిట్లయితే ఒక్క గుడ్డు మిగలది."

"అంటే? మా ఆయన్ని దొంగంటావా?" అని బామ్మ గిన్నె చంకన పెట్టుకుని విసవిసా ఇంటికి వచ్చేసింది. గుడ్లు కావాలంటే బామ్మ తాతయ్యను పస్తు పెట్టాలి, తాతయ్యకు పెడితే గుడ్లు దక్కవు. నాకు ఆ వయసులో అంతకంటే పెద్ద కష్టం ఉంటుందని తెలియదు.

మర్నాడు తనే నన్ను లేపింది. "మీ తాత బతికుండగానూ ఇంతే. తన విస్తరి నిండుగా ఉన్నా, కన్ను పక్క విస్తరి మీదే. పద, తిండి ఎటు పోతే ఆయనా అటే వస్తాడు."

ఆ రోజు ముద్ద గట్టు చివర పెట్టింది. మర్నాడు ఇంకా ఇవతల, మలుపులో. తరవాత టీకొట్టు రేకుల మీద, ఆ తరవాత లైబ్రరీ గోడ మీద. బామ్మ గిన్నె పట్టుకుని "కావ్ కావ్" అంటూ ముందు నడుస్తుంటే పైన కాకులు, వెనక మిగతా మామ్మలు. లైబ్రరీ తలుపులు తెరవక ముందే వచ్చి మెట్ల మీద చదువుకుంటున్న హాస్టల్ కుర్రాళ్ళు పుస్తకాల్లోంచి తలలెత్తి నోళ్ళు తెరిచేవారు. చివరికి ఊరేగింపు మా డాబా ఎక్కింది. కుంట దగ్గర ఒకటీ అరా తప్ప కాకి మిగల్లేదు.

తొలకరి పడిన మర్నాడు సుజాతక్క నోటి మీద వేలుంచుకుని మమ్మల్ని రమ్మని చెయ్యి ఊపింది. జమ్ములోంచి నీటికోడి బయటికి వచ్చింది. దాని వెనక మసిగుడ్డ ఉండల్లా నల్లటి పిల్లలు తడబడుతూ వచ్చాయి. బామ్మ నా మెడలోంచి బైనాక్యులర్ లాక్కుంది. "ఇంతలేసి కాళ్ళేమిటే వీటికి!" అని నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను అంత సంతోషంగా ఆవిడను ఎప్పుడూ చూడలేదు. ఆనాటి నుంచి ముందు కుంట, పిల్లల్ని చూడటం. ఆ తరవాతే డాబా, తాతయ్యకు ముద్ద. ఆలస్యమైతే తాతయ్య పిట్టగోడ మీద గోల గోల చేసేవాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ చోటే ఈ అపార్ట్‌మెంట్. వట్టివేళ్ళ కూలర్లు పోయాయి, చీరల మీద వడియాలు పోయాయి, గిన్నెలు పట్టుకుని నడిచిన మామ్మలందరూ పోయారు. సుజాతక్క ఉద్యోగం వచ్చి ఏదో జిల్లాకు వెళ్ళిపోయింది. కుంట మాత్రం ఉంది. నిన్న పొద్దున కూడా అక్కడ ఎవరో పిల్లలు ఒకే బైనాక్యులర్ కోసం పోట్లాడుకుంటున్నారు.

"పోనీ, విస్తరి కుంట దగ్గరికి పట్టుకెళ్దామంటావా? అక్కడైతే ఒకటైనా ఉంటుంది" అన్నాడు నాన్న.

"వద్దు నాన్నా. ఆగుదాం."

అన్నం చల్లారిపోయింది. పిట్టగోడ నీడ మా కాళ్ళ దాకా వచ్చాక, అశోక్ నగర్ వైపు నుంచి ఒక కాకి ఎగురుకుంటూ వచ్చి వాలింది. మెడ వంచి మమ్మల్నిద్దర్నీ చూసి, ముద్ద ముట్టింది.

నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంతసేపు ఎక్కడుందే మీ బామ్మ?"

"కుంట దగ్గర పిల్లల్ని చూసి వచ్చి ఉంటుంది నాన్నా."