మూడూళ్ళ పురుగులు, ఒకటే సీసా

మా జువాలజీ మాస్టారు పోయిన సంగతి నాకు కాలేజీ నోటీసు బోర్డు చెప్పింది. ఫీజు గడువు కాగితానికీ, ఎవరిదో గొడుగు పోయిన ప్రకటనకీ మధ్య నాలుగు లైన్లు టైపు కొట్టి అంటించారు. విశ్రాంత అధ్యాపకులు బాపట్లలో గుండెపోటుతో మరణించారు, పదకొండు గంటలకు సంతాప సభ, తర్వాత క్లాసులు మామూలే. మామూలేనట! ఆ గోడ దగ్గరే నిలబడి ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను, చదివేవాళ్ళు మన్నించాలి.

సభలో ఆయన ఫొటోకి బంతిపూల దండ వేశారు. పక్కన బల్ల మీద పెద్ద గాజు సీసా. స్పిరిట్‌లో తెల్లటి పురుగులు, ముద్దలు ముద్దలుగా. పైన ముత్యాల్లాంటి అక్షరాలతో 'కప్పల పురుగులు' అని రాసి ఉంది. ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకుని, "మాస్టారి జీవితకాల కృషి ఈ సీసాలో ఉంది" అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సీసా సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఎనభైల మొదట్లో నేను తెనాలిలో బియ్యస్సీ చదివేటప్పుడు కప్పని కోయడం నేర్పింది ఆయనే. గుండె, నరాలు చూపించేసి కప్పని చెత్తబుట్టలో పడెయ్యడం మిగతావాళ్ళ పద్ధతి. మాస్టారు పడెయ్యనిచ్చేవారు కాదు. పేగూ, ఊపిరితిత్తులూ విడివిడిగా గాజు పళ్ళెంలో విప్పి, లోపల బతికే పురుగుల్ని భూతద్దంలో చూపించేవారు. "ఒక ప్రాణం తీశాక దాని కడుపులో ఉన్నదంతా చదవాలమ్మా. సగం చదివి పారేస్తే అది హత్యే" అనేవారు. ప్రతి ఆదివారం లూథరన్ చర్చిలో ముందు వరసలో కూర్చుని కీర్తన పాడే మనిషి. హత్య అన్న మాట తేలిగ్గా వాడేవారు కాదు.

తొలకరి పడగానే మూడు చోట్లకి వెళ్ళేవారు. ఏటి మధ్య కొల్లూరు లంకలు, రేపల్లె వరిచేలు, బాపట్ల సముద్రం వైపు గుంటలు. మూడింటికీ మూడు రంగుల గుడ్డ సంచులు. ఒక ఊరి కప్ప ఇంకో ఊరి సంచిలో పడితే ఆ రోజు పనంతా దండగే. ఒకసారి మమ్మల్నీ తీసుకెళ్ళారు. రేపల్లె పాసింజర్లో సీటు కింద ఎర్ర సంచి కదిలింది. ఎదురుగా కూర్చున్నావిడ కాళ్ళు పైకి లాక్కుని, "ఏంటండీ అది, పామా?" అంది.

"కప్పలు అక్కయ్యా. టిక్కెట్టు తియ్యలేదు, టీసీకి చెప్పకండి" అన్నారు మాస్టారు.

నవ్వించేవారు గానీ, ఆయన మనసులో తిరిగే ప్రశ్న ఒకటే. కప్ప అదే జాతి, మరి ఊరు మారితే కడుపులో పురుగులెందుకు మారుతున్నాయి? లంకల్లో వరద తీశాక మిగిలే మడుగుల నిండా నత్తలే. కొన్ని పురుగులు ముందు నత్తలో పెరిగితేగాని కప్పని చేరలేవు, అందుకని లంక కప్పల పేగులు వాటితో కిక్కిరిసి ఉండేవి. బాపట్ల ఉప్పునీళ్ళలో నత్తలు తక్కువ, ఆ పురుగులూ తక్కువే. తడి ఇసకలోంచి చర్మం తొలుచుకుని ఎక్కే సన్నటి నులిపురుగులే అక్కడ ఎక్కువ. "కప్ప పొట్ట విప్పితే ఊరు కనిపించాలి" అనేవారు.

రేపల్లె కప్పల్లో మాత్రం ఏటికేడు పురుగులు తగ్గిపోతూ వచ్చాయి. ఆ మాట వినగానే ఒక రైతు సంబరపడిపోయాడు. "మేం కొట్టే మందుకి కప్పల రోగం కూడా వదిలిందన్నమాట! మంచిదేగా మాస్టారూ?"

"నత్తలు చచ్చాయి బాబాయ్. పురుగుకి దారి తెగిపోయింది. రేపు కప్పా పోద్ది. పురుగుల్లేని కప్పని చూసి మురిసిపోమాకండి."

రైతు తెలియక అన్నాడు, వదిలేద్దాం. ఆయన పరిశోధనకి గైడుగా ఉన్న పెద్దమనిషి కూడా అదే మాట అన్నాడే, అతన్నేమనాలి? పైగా, "మూడూళ్ళ లెక్కలు ఎవడు చదువుతాడయ్యా, కలిపేసి సగటు వేసుకురా, సంతకం పెడతా" అన్నాడట. మాస్టారు కలపలేదు. సంతకం రాలేదు. గైడు దగ్గరికి వెళ్ళిన లెక్కల నోటుబుక్కులూ తిరిగి రాలేదు. 'నులిపురుగుల మాస్టారు' అని వెనకాల ఇకిలించినవాళ్ళంతా ప్రమోషన్లు కొట్టేశారు. ఈయన డాక్టరు కాకుండానే రిటైరయ్యారు.

మిగిలినవి గాజు గొట్టాలే. వందలున్నాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో కప్ప పురుగులు, వాటితోపాటు లోపలే ఒక చీటీ. ఏ ఊరు, ఏ నీళ్ళు, ఎప్పుడు. పెన్సిల్‌తోనే రాయాలి, సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది. అప్పటికి నేను అదే కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ని. రిటైరై వెళ్ళిపోయే రోజు మాస్టారు బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నోటుబుక్కులు పోతే పోయినయ్. ఈ చీటీలు ఉన్నంతకాలం ఎవరో ఒకరు మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చు. జాగ్రత్తమ్మా."

మరుసటేడు తనిఖీ కమిటీ వస్తోందన్నారు. ప్రిన్సిపాల్ గారు బీరువా తీయించి చూశారు. "ఏంటమ్మా ఈ చిల్లర సీసాలు? అన్నీ ఒక పెద్ద సీసాలో పోయించి నీటుగా పెట్టండి."

ల్యాబ్ అటెండరు నా మొహం చూశాడు. "మాస్టారు బాధపడతారేమోనండి మేడమ్" అన్నాడు.

అతనికున్న బుద్ధి నాకు లేకపోయింది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మొదటి గొట్టం మూత నేనే తీశాను. చీటీలు పాతబడి మురిగ్గా ఉన్నాయని ఫోర్సెప్స్‌తో ఏరి చెత్తబుట్టలో వేశాను. మధ్యాహ్నం భోజనాల వేళకి మూడూళ్ళనీ ఒకే గాటన కట్టేశాం. డాక్టరేటు ఇస్తామన్నా మాస్టారు చెయ్యని పని, ఒక్క మాటకి నేను చేసేశాను. కమిటీవాళ్ళు సీసా బాగుందన్నారు.

కొన్నాళ్ళకి మాస్టారు వచ్చారు. సీసా ముందు నిలబడ్డారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. సీసాని వెలుతురువైపు తిప్పి, "ఏ ఊరివమ్మా ఇవి?" అని అడిగారు. మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ కాలేజీ మెట్లెక్కలేదు.

అందుకే సభలో లేచి చెప్పేశాను. "ఇది ఆయన కృషి కాదండి. ఆయన కృషిని మనం పాడుచేసిన సీసా. పోసిన చేతులు నావే."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. పాటించాం. మౌనం మాకు బాగా అలవాటు.

సభ అయ్యాక సీసాని ల్యాబ్‌కి నేనే మోసుకెళ్ళాను. కిటికీలో దించుతుంటే కుదుపుకి అడుగునున్న ముద్ద విడిపోయింది. నా ఫోర్సెప్స్‌కి దొరక్కుండా మిగిలిపోయిన చీటీ ఒకటి పైకి తేలి గాజుకి అతుక్కుంది. పెన్సిల్ అక్షరాలు చెక్కు చెదరలేదు. 'రేపల్లె. మురుగు కాలవ పక్క చేను. తొలకరి, 1978. నత్తలు ఉన్నాయి.' దాని చుట్టూ వందల పురుగులు ఒక్కసారి తిరిగి, మెల్లగా అడుగుకి దిగాయి. వాటిలో ఆ చీటీ వేటిదో చెప్పగలిగిన మనిషి ఇక లేడు.