ఊటబావి వాడ జనాభా ఖాజా పాషా

మా మున్సిపాలిటీ పేరు చెప్పను. చెబితే చైర్మన్ సారంగపాణికి కోపం వస్తుంది. ఆయనకు కోపం వస్తే మా వాడలో వీధిదీపాలకు జబ్బు చేస్తుంది. వరంగల్‌లో ఆటో ఎక్కితే నడుం విరిగేలోగా వచ్చే ఊరు అనుకోండి, చాలు. పక్కపక్కనే ఉన్న మూడు పల్లెలను ఒక్క తాడుతో కట్టి, ఇకనుంచి మీది పట్టణం అన్నారు. ఆ మరుసటి ఏడు నుంచే పన్ను పట్టణంలాగా వచ్చింది. నీళ్లు మాత్రం ఇంకా పల్లెలోలాగే వస్తున్నాయి, అంటే వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తున్నాయి.

అయితే ఈ కథ చైర్మన్‌ది కాదు. మా ఊటబావి వాడలో సదానందం ఇంటి వెనక రేకుల గదిలో అద్దెకుండే ఖాజా పాషాది. పాషా వరంగల్ మట్టెవాడలో ఒక పరుపుల దుకాణంలో కుట్టుపని చేస్తాడు. పొద్దున మోపెడ్ మీద నల్ల మీసంతో పోయి, సాయంత్రం దూది పట్టిన తెల్ల మీసంతో తిరిగొస్తాడు. మా ఊళ్లో సగం పెళ్లిళ్ల పరుపులు అతను కుట్టినవే. తను మాత్రం చాప మీద పడుకుంటాడు. అదేమంటే పరుపు మీద పడుకుంటే తనకు నడుం నొప్పి అంటాడు. అసలు సంగతేమిటంటే ఆ గదిలో కింద పరుపు పరిచే చోటు లేదు. ఒక మంచం, దాన్ని ఆనుకొని గ్యాస్ పొయ్యి, పొయ్యి పక్కన బియ్యం డబ్బా, అంతటితో గది అయిపోతుంది. భార్య సుల్తానా బేగం పోపు పెట్టిందంటే మంచం మీద ఎవరున్నా దగ్గాల్సిందే.

ఇల్లు లేనివాళ్లకు సర్కారు ఇచ్చే డబుల్ బెడ్రూం ఇళ్లకు దరఖాస్తులు తీసుకున్న ప్రతిసారీ పాషా పెట్టుకున్నాడు. ప్రతిసారీ పేరు రాలేదు. నిజానికి సుల్తానా బేగం అడిగేది రెండు బెడ్రూములు కూడా కాదు. పొయ్యికీ మంచానికీ నడుమ ఒక గోడ, ఆ గోడకు ఒక తలుపు కావాలంటుంది. ఇంత పెద్ద సర్కారు దగ్గర ఒక్క గోడ లేదా అని నన్ను అడిగింది ఒకసారి. నేనేం చెప్పను, నా ఇంటి ముందు మురుగు మోరీ మీద బండ వెయ్యమని నాలుగేళ్లుగా నేను అడుగుతున్నాను.

పాషాకున్న రోగం ఒక్కటే, కాదనడం రాదు. వాడలో ఎవరు ఊరికి పోయినా కోళ్లను, మేకలను అతనికే అప్పజెప్పి పోతారు. మేడారం జాతర వచ్చిందంటే చెప్పనక్కర్లేదు. వాడకు వాడే ట్రాక్టర్లెక్కి పోతుంది. పాషా కూడా రెండు జాతరలకు మాతో వచ్చి బెల్లం సమర్పించినవాడే. మొన్నటి జాతరకు మాత్రం ఆగిపోయాడు. కూతురు నుస్రత్ కాన్పుకని సుల్తానా బేగం డోర్నకల్ పోయింది, ఇక్కడేమో అందరి బర్రెలకూ గడ్డి వేసేవాళ్లు లేరు. మేమంతా తాళాలు వేసుకొని, పాషా ఉన్నాడుగా అని నిశ్చింతగా వెళ్లిపోయాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మున్సిపాలిటీ వారు మాస్టర్ ప్లాన్ సర్వే పెట్టారు. ఎక్కడ ఇళ్లుండాలి, ఎక్కడ పార్కు ఉండాలి, నీళ్ల పైపు ఎటు పోవాలి, మోరీ ఎటు పారాలి, అన్నీ ఆ ప్లాన్ చెబుతుందట. జాతర రోజుల్లో మనుషులను ఇళ్ల దగ్గర వెతుక్కోవాలని మా జిల్లాలో పుట్టినవాడికెవడికీ తోచదు. సర్వే కంపెనీది వేరే రాష్ట్రం కాబట్టి వాళ్లను అనడానికి లేదు. కానీ ఆ తేదీల కింద సంతకం చేసిన సారంగపాణి ఏ రాష్ట్రం వాడు? సర్వే మొదలైన రోజున ఆయన కూడా మేడారంలోనే తక్కెడలో కూర్చొని నిలువెత్తు బెల్లం తూగుతున్నాడు.

సర్వే పిల్లలిద్దరు చేతిలో ట్యాబ్ పట్టుకొని మా వాడకు వచ్చారు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఎదురొచ్చిన పాషాను, ఈ ఇళ్లల్లో ఎవరుంటారని అడిగారు. అందరూ జాతరకు పోయారు, ఇప్పుడైతే నేనొక్కణ్నే ఉన్నాను అన్నాడతను. ట్యాబ్‌లో ‘ఉన్నారు’, ‘లేరు’ అని రెండే మీటలున్నాయట. ‘జాతరకు పోయారు’ అనే మీట లేదు. పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు, ఇంటింటికీ ‘లేరు’ నొక్కుకుంటూ పోయారు. పశువుల దగ్గరకొచ్చేసరికి మాత్రం లెక్క పక్కాగా కుదిరింది, ఎందుకంటే పశువులన్నీ ఇంటిపట్టునే ఉన్నాయి. పాషా వాళ్లకు చాయ్ పోసి పంపాడు.

వానాకాలంలో ప్లాన్ తయారై మున్సిపల్ ఆఫీసు గోడకెక్కింది. గోడంత కాగితం, దాని నిండా రంగులు. కౌన్సిలర్లు దాని ముందు నిలబడి ఎవరి ప్లాటు వాళ్లు వెతుక్కున్నారు. ప్లాటు పసుపు రంగులో, అంటే ఇళ్ల స్థలంలో, ఉంటే నవ్వారు, ఆకుపచ్చలో ఉంటే పార్కు అన్నమాట, అలాంటివాళ్లు టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ రమాకాంత్‌ను పక్కకు పిలిచారు. ఆ తర్వాత నాలుగు పార్కులు చోటు మారాయి. చైర్మన్ బావమరిది వెంచర్ దగ్గరకొచ్చేసరికి అరవై అడుగుల రోడ్డు తనంతట తానే వంకర తిరిగింది. చెరువు కూడా మర్యాదగా కొంచెం వెనక్కి జరిగింది.

మా ఊటబావి వాడకు బూడిద రంగు వేశారు. పక్కన ‘పశువుల పెంపక ప్రాంతం, జనాభా ఒకటి’ అని రాశారు. మనుషులు లేని చోటు కాబట్టి ఊరందరి మురుగునూ తెచ్చి శుద్ధి చేసే కేంద్రానికి ఇదే అనువైన స్థలమని తేల్చారు. కౌన్సిల్ దాన్ని చాయ్‌కీ మిర్చి బజ్జీలకూ మధ్య ఆమోదించింది. మా వార్డు కౌన్సిలరమ్మ కూడా చెయ్యెత్తింది. ఎందుకెత్తావమ్మా అని అడిగితే, అందరూ ఎత్తారు, నేనొక్కదాన్నే దించుకొని కూర్చుంటే ఏం బాగుంటుంది అంది.

వాడలో గగ్గోలు మొదలైంది. ఆ కోపం చైర్మన్ మీదికి పోవాలి. చైర్మన్ దూరం, పాషా దగ్గర. అందుకని పాషా మీదికే పోయింది. మా బతుకుల్లోకి మోరీని తెచ్చింది నువ్వేనని మల్లక్క నడివీధిలో నిలబెట్టి తిట్టింది. జాతర నాలుగు రోజులూ ఆమె బర్రెలకు కుడితి కలిపింది అతనే. పాషా తలొంచుకొని విన్నాడు. నేనైతే వినేవాణ్ని కాదు.

ఇంటికొకటి చొప్పున అభ్యంతరాలు రాసుకొని అందరం ఆఫీసుకు వెళ్లాం. రమాకాంత్ వాటిని చాలా మర్యాదగా తిరిగిచ్చాడు. అభ్యంతరం చెప్పాలంటే ఆ వాడ నివాసులై ఉండాలట. రికార్డు ప్రకారం మేము నివాసులం కాము. మా ఇళ్ల కాగితాలన్నీ గ్రామ పంచాయతీ కాలం నాటివి, ఆ పంచాయతీయే ఇప్పుడు లేదు గనుక వాటిని ఎవరిని అడిగి తేల్చాలో ఆయనకు తెలియదట. చెల్లే అభ్యంతరం ఒక్కటే, ఖాజా పాషాది.

అలా చెప్పి రమాకాంత్ ఊరుకోలేదు. స్వయంగా రేకుల గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఈ ప్లాన్ వల్ల నిలువ నీడ పోయేది నీ ఒక్కడికే కాబట్టి నీకొక డబుల్ బెడ్రూం ఇల్లు సిద్ధంగా ఉంది, అంగీకారం అని సంతకం పెడితే చాలు, తాళం చేతికిస్తాను అన్నాడు. వంటిల్లు వేరేగా ఉంటుందా అని సుల్తానా బేగం అడిగింది. వేరేగానే ఉంటుంది, తలుపు కూడా ఉంటుంది అన్నాడాయన.

మర్నాడు మధ్యాహ్నం భార్యాభర్తలు పోయి ఆ ఇల్లు చూసొచ్చారు. సుల్తానా బేగం వంటింట్లోకి పోయి లోపలినుంచి తలుపు వేసుకుందట. కాసేపటి దాకా బయటికి రాలేదట. ఏం చేస్తున్నావని పాషా పిలిస్తే, ఏం లేదు, ఉత్తగనే నిలబడ్డా అందట. ఇది నాకు పాషాయే చెప్పాడు. 

విచారణ రోజున కౌన్సిల్ హాలు నిండిపోయింది. మమ్మల్ని వెనక నిలబెట్టారు, ఎందుకంటే మేము చూడటానికి వచ్చినవాళ్లం. పాషాకు ముందు కుర్చీ వేశారు. మా వాడ మొత్తం అతని నోట్లో ఉంది. ఊఁ అంటే అతనికి ఇల్లు వస్తుంది, మా కొంపలు మోరీలో కలుస్తాయి. సారంగపాణి ముద్దుగా నవ్వి, ఊటబావి వాడలో ఉండేది నువ్వొక్కడివే కదా పాషా, సంతకం పెట్టేసి సంతోషంగా వెళ్లు అన్నాడు.

పాషా లేచి నిలబడ్డాడు. మీసానికి ఇంకా దూది ఉంది.

“ఆ దినం నేనొక్కన్నే ఉన్న సార్, అబద్ధం చెప్పలే. గని తాళమేసి జాతరకు పోయినోల్లు ఊరిడిసి పోయినట్టా? మీరు గూడ ఆ దినం మేడారంలనే ఉన్నరు. జర మీ బంగ్లా గూడ సూడమనుండ్రి, అండ్ల ఎవరున్నట్టు రాసిన్రో.”

హాల్లో నవ్వులు లేచాయి. రమాకాంత్ ఆ నవ్వులు ఆపుదామని సర్వే ట్యాబ్ తెరిచి చూశాడు. చూసి మూసేయబోయాడు. పక్కనున్న కౌన్సిలర్ లాక్కొని పైకి చదివాడు. చైర్మన్ గారి రెండంతస్తుల బంగ్లాలో మనుషులు లేరు, కుక్కలు రెండు ఉన్నాయి. ఆ బంగ్లా స్థలాన్ని చెత్త తూకం వేసే కేంద్రానికి పరిశీలించవచ్చని కూడా రాసి ఉంది.

మా నలభై ఇళ్లు లేవన్నప్పుడు కదలని కౌన్సిల్, ఆ ఒక్క బంగ్లా లేదనేసరికి అగ్గి మీద గుగ్గిలమైంది. సర్వే తప్పుల తడక అని సారంగపాణి బల్ల గుద్దాడు. పాత సర్వే రద్దు, మళ్లీ కొత్త సర్వే అని అప్పటికప్పుడు తీర్మానించారు. మురుగు కేంద్రం ఇంకో పల్లె వైపు నడిచింది, అది ఆ పల్లెవాళ్ల ఖర్మ. మేము పాషాను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశాం. పొద్దున దాకా తిట్టిన మల్లక్క అతని నోట్లో లడ్డూ కుక్కింది. రమాకాంత్ మాత్రం డబుల్ బెడ్రూం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సుల్తానా బేగం మొగుణ్ని ఒక్క మాటా అనలేదు. ఆ తలుపు మంచిగ ఉండె అని మాత్రం నా భార్యతో అందట.

కొత్త సర్వేకు ముందు డప్పు వేసి చాటింపు చేయించారు. ఈసారి మావాళ్లు చుట్టాల పెళ్లిళ్లు కూడా మానుకొని గడపల్లో కూర్చున్నారు. పాషా కూడా పని మానుకుంటానంటే సదానందం వద్దన్నాడు. కూలి ఎందుకు పోగొట్టుకుంటావు, నేనుంటాను కదా, మీ ఇద్దరి పేర్లూ రాయిస్తాను, ఫికర్ పడకు అన్నాడు. సుల్తానా బేగానికి కళ్లు చూపించుకోవాల్సి ఉంది. ఆమె దవాఖానకు, అతను దుకాణానికి పోయారు.

సర్వే పిల్లలు ఆ రేకుల గదిని చూసి ఇదేమిటని సదానందాన్ని అడిగారు. అద్దెకిచ్చిన గది అని రాస్తే పన్ను పెరుగుతుందని ఎవరో అతని చెవిన వేశారు. సామాన్ల గది అన్నాడు.

అది బయటపడటానికి రెండు నెలలు పట్టింది. డబుల్ బెడ్రూం ఇళ్లకు మళ్లీ దరఖాస్తులు తీసుకుంటున్నారంటే పాషా పోయాడు. ఇల్లు లేనివాడని ఒప్పుకోవడానికి ముందు ఊళ్లో ఉన్నవాడై ఉండాలి కదా, నీ పేరు ఎక్కడా లేదే అన్నారు. మా వాడ జనాభా ఇప్పుడు రెండు వందల పైచిలుకు. జాతరప్పుడు లెక్కలో ఏ ఒక్క మనిషైతే ఉన్నాడో, ఆ ఒక్కణ్ని ఈసారి వదిలేసి మిగతా అందరినీ రాశారు. నేను పోయి సాక్ష్యం చెబుతానన్నాను. నా మాట చెల్లదట, ఇంటి యజమాని వచ్చి మా గదిలో ఫలానావాళ్లు ఉంటున్నారని చెప్పాలట.

ఆ సాయంత్రం పాషా సదానందం గడప ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. సుల్తానా బేగం పక్కనే ఉంది. వాడ జనం పోగయ్యారు. సదానందం పన్ను సంగతి, ఇంటి ఖర్చుల సంగతి, ఏదేదో చెబుతూ నీళ్లు నమిలాడు. పాషా అంతా విన్నాడు.

“అన్నా, ఆ దినం ఆఫీసుల, కాయితంల మీరు లేకున్నా, ఉన్నరని నేను చెప్పిన. ఇయ్యాల నేను నీ ముంగటనే ఉన్న. ఉన్నననే చెప్పు.”

 మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయి సదానందాన్ని చొక్కా పట్టుకొని ఆఫీసుకు లాక్కుపోవాలనిపించింది. సదానందం మా అందరి మొహాలూ చూశాడు, చివరికి పాషా మొహం చూడలేక చెప్పుల వైపు చూసుకున్నాడు. పన్ను ఎంత పెరుగుతుందో కనుక్కొని చెబుతాను అని లోపలికి పోయాడు.

ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు.