ముక్కు మేస్త్రి కారు

బ్రేకు ఆయిలు డబ్బాలో రెండు పొరలు కనిపించాయి.

ఆ డబ్బా పలచటి తెల్ల ప్లాస్టిక్‌ది. బానెట్ ఎత్తితే లోపల ఓ మూలన ఉంటుంది. అద్దం కడిగే నీళ్ళు అయిపోయాయి, కాస్త పొయ్యమ్మా అని మామయ్య గడ్డం గీసుకుంటూ లోపలినుంచి కేకేస్తే, సబ్బునీళ్ళ చెంబు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. పొద్దుటి ఎండ పక్కనుంచి సరిగ్గా ఆ డబ్బా మీద పడుతోంది. లోపల ఉన్నదంతా ఒకే రంగులో ఉంది గానీ, మధ్యలో సన్నగా ఒక గీత. డబ్బాను వేలితో తట్టాను. గీత ఊగి, మళ్ళీ నిలబడింది. కాలేజీ ల్యాబులో నూనెనీ నీళ్ళనీ విడదీసే గరాటులో అలాంటి గీతను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒకదానిలో ఒకటి కలవని రెండు ద్రవాలుంటే తప్ప అది ఏర్పడదు.

బ్రేకు డబ్బాలో రెండు ద్రవాలెందుకుంటాయి?

మూత తిప్పి తీశాను. మూతలోపలి రబ్బరు ఉబ్బి, మడతలు పడి, నా చేతిలోకి జారింది. తిరిగి పెట్టబోతే పట్టలేదు. ఉన్న చోటు కంటే అది పెద్దదైపోయింది. బ్రేకుల్లో వాడే రబ్బరు మామూలు నూనె తగిలితే నానిన శనగలా ఉబ్బుతుంది. మూతలో రబ్బరే ఇలా ఉంటే, బ్రేకు పెడలు వెనకా చక్రాల దగ్గరా ఉన్న రబ్బర్లు ఎలా ఉండి ఉంటాయి? బండి ఆగాలంటే అవే దిక్కు.

ఇంకో ఇరవై నిమిషాల్లో మామయ్య మా పదహారు నెలల పిల్లను వెనక సీట్లో బెల్టు కట్టి కూర్చోబెట్టి క్రెష్‌కి తీసుకెళ్తారు. మా వీధి చివరినుంచి పెద్ద రోడ్డు దాకా ఏటవాలు. దాని అడుగున సిగ్నలు. రోజూ అదే దారి.

మామయ్య అంటే మా ఆయన తండ్రి. ముప్పై రెండేళ్ళు నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరుగా చేశారు. క్లోరిన్ సిలిండరు ఎక్కడ కాస్త కారినా, గంట మోగకముందే ఆయన ముక్కు చెప్పేదట. అందుకే వీధిలో ఆయన పేరు ముక్కు మేస్త్రి. ఆయన కారుకి ఇరవై రెండేళ్ళు. దాన్ని ఇంకో మనిషి విప్పగా చూసినవాళ్ళు లేరు. సొంత షెడ్డులో, సొంత పానాలతో అన్నీ ఆయనే. బానెట్ ఎత్తి, వంగి, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చి, "రేడియేటరు చెమర్చింది" అనో, "వైరు వేడెక్కింది" అనో చెప్పేవారు. అదే అయి ఉండేది. పక్కవీధి మెకానిక్ కూడా ఏదైనా తేలకపోతే, "ఓసారి ముక్కు అప్పివ్వండి మేస్త్రీ" అంటూ వచ్చేవాడు.

షెడ్డు అరలో పదకొండు సీసాలుండేవి. అన్నీ పాత దగ్గుమందు సీసాలే, గోధుమరంగు గాజువి. పెద్ద డబ్బాల్లో కొన్న నూనెలన్నీ ఆయన వాటిలోకి వంచుకుని వాడేవారు. ఒక్కదాని మీదా చీటీ లేదు. కెమిస్ట్రీ చదివినదాన్ని, పేరు రాయని సీసా ముట్టుకోకూడదని మొదటిరోజే నేర్చుకున్నదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఉండబట్టలేక అడిగాను.

"పేర్లు రాద్దాం మామయ్యా."

"మీ అత్తయ్యకి పేరు రాసి తగిలించానా? ముప్పై నాలుగేళ్ళుగా ఎప్పుడైనా పొరబడ్డానా?"

లోపలినుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "పొరబడింది నేను!"

పిల్ల పుట్టాక నాకు భయం జబ్బులా పట్టుకుంది. స్నానం నీళ్ళలో థర్మామీటరు పెట్టేదాన్ని. బల్లల మూలలకి స్పాంజి అంటించాను. రాత్రిళ్ళు లేచి ఊపిరి చూసేదాన్ని. "గాలికి కూడా జల్లెడ పట్టమ్మాయ్" అని మామయ్య ఆటపట్టించేవారు. ఇంత అనుమానపు మనిషిని, ఆయన కారుని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. ఆ ముక్కు ఉండగా ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆ పొద్దున, ఉబ్బిన రబ్బరు అరచేతిలో పెట్టుకుని నిలబడి ఉండగా మామయ్య తువ్వాలుతో గడ్డం తుడుచుకుంటూ వచ్చారు.

"బ్రేకు ఆయిలు ఎప్పుడు పోశారు మామయ్యా?"

"పది రోజులైందేమో. కాస్త తగ్గితే పోశాను. ఏం?"

"ఏ సీసాలోది?"

ఆయన పై అరలోంచి ఎడమపక్క మొదటి సీసా తీశారు. మూత తీసి, కళ్ళు మూసుకుని ఎప్పట్లాగే పీల్చారు. "ఇదే. స్వచ్ఛమైన బ్రేకు ఆయిలు."

వంటింట్లోంచి గాజుగ్లాసుతో నీళ్ళు తెచ్చాను. బ్రేకు ఆయిలైతే నీళ్ళలో కలిసిపోతుంది. ఆ సీసాలోంచి నాలుగు చుక్కలు వేశాను. నాలుగూ పైకి తేలి, పూసల్లా మెరిశాయి. రెండో సీసాలోవి వేశాను. జాడ లేకుండా కలిసిపోయాయి.

"మామయ్యా, మీరు పోసింది బ్రేకు ఆయిలు కాదు. ఈ పలచదనం చూస్తే స్టీరింగు ఆయిలు."

"నాకు చెబుతున్నావా?" ఆయన ముఖం ఎర్రబడింది. "వాసన చూశాను కదమ్మా!"

నేను ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. అరలో చివరి సీసా తీసి, మూత విప్పి, మాట్లాడకుండా ఆయన ముక్కు దగ్గర పెట్టాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటు అలాంటిది. ఆయన నిదానంగా, నిండుగా పీల్చారు.

"ఇది స్టీరింగు ఆయిలు" అన్నారు.

వంటింటి కిటికీలోంచి అత్తయ్య దగ్గుతూ అరిచారు. "ఎవరది టర్పెంటైన్ తెరిచింది? కళ్ళు మండిపోతున్నాయి, మూయండి బాబూ!"

మామయ్య సీసా వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. తర్వాత పనిముట్ల పెట్టె మీద మెల్లగా కూలబడ్డారు. అంత పొడుగు మనిషి, సగమైపోయినట్టు కనిపించారు.

"పోయింది" అన్నారు.

"ఎప్పుడు?"

"పోయినేడు జ్వరమొచ్చింది చూడు. అప్పట్నుంచి. ఇవాళొస్తుంది, రేపొస్తుంది అనుకున్నా."

"ఏడాదిగానా! ఒక్కమాట చెప్పలేదే మామయ్యా?"

"ఏమని చెప్పను? ముక్కు మేస్త్రికి ముక్కు లేదనా?"

ఒక్కొక్కటే గుర్తొచ్చి నాకు మతిపోయింది. పిల్ల లాగు ఖరాబు చేస్తే ఒకప్పుడు గేటు దగ్గరినుంచే "అర్జెంటు టెలిగ్రాం!" అని అరిచే మనిషి, ఈ మధ్య దాన్ని గంటసేపు ఒళ్ళో పెట్టుకుని హాయిగా ఆడిస్తుంటే, మనవరాలి మీద ప్రేమ అనుకున్నాం. పళ్ళెంలో పెట్టింది మారుమాట్లాడకుండా తింటుంటే, వయసుతో శాంతం వచ్చిందనుకున్నాం.

"మరి ఏడాదిగా సీసాలు ఎలా గుర్తుపట్టారు?"

"వరుస. ఎడమనుంచి మొదటిది బ్రేకు, రెండోది స్టీరింగు, మూడోది గేరు. కళ్ళు మూసుకున్నా చెయ్యి అక్కడికే పోతుంది. అట్లాగే నడిపించా. ఎక్కడా తప్పు పోలేదే! మరి ఇప్పుడెలా…"

ఆ మాటతో నేను బానెట్ పట్టుకుని నిలబడ్డాను.

పిల్ల నడక మొదలుపెట్టగానే, చేతికందే అరలో విషాలేమిటని, రెండు వారాల కిందట ఆ పదకొండు సీసాలూ కింది అరలోంచి పై అరకు మార్చింది నేనే. ఆయన బజారుకెళ్ళిన సమయంలో మార్చాను. వరుస చూడలేదు. పొట్టివి ఒక పక్క, పొడుగువి ఒక పక్క, చూడ్డానికి బాగుంటుందని సర్దాను. నూనె చేతులతో పిల్లని ఎత్తుకుంటారని రబ్బరు గ్లవ్సులు కొనిచ్చిందీ నేనే. అవి లేకపోతే వేళ్ళ మధ్య జిడ్డు తేడా అయినా తెలిసేదేమో.

"మామయ్యా, సీసాలు పైకెక్కించినప్పుడు వరుస మారిపోయింది. నేను ఎత్తు ప్రకారం పెట్టాను."

ఆయన తలెత్తారు. కసురుతారనుకున్నాను. కసిరినా బాగుండేది.

"చక్కగా సర్దావనుకున్నానమ్మా" అన్నారు.

అప్పుడే లోపలినుంచి పిల్ల బుడిబుడి అడుగులతో, ఒక కాలికే చెప్పుతో, సంచీ ఈడ్చుకుంటూ షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. "తాతా, బండి" అంది. మేమిద్దరం ఒకేసారి "వద్దు!" అని అరిచాం. అది బెదిరి ఏడుపందుకుంది. ఎత్తుకోవడానికి ఆయన చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

కబురుపెడితే పక్కవీధి మెకానిక్ పదిన్నరకి వచ్చాడు. డబ్బాలోకి ఒక్క చూపు చూసి, చక్రాలు తడిమి, పెడలు నొక్కి, దాని మీదే కాలుంచి కాసేపు కదలకుండా కూర్చున్నాడు. పెడలు మెల్లమెల్లగా కిందికి దిగడం నాకు కనిపించింది.

"నిన్న ఈ బండి తిరిగిందా?"

"పాపని దింపొచ్చాను" అన్నారు మామయ్య.

"ఇవాళ తీసుంటే సిగ్నలు దగ్గర ఆగేది కాదు మేస్త్రీ. గేటు దాకా కూడా కదపకండి."

మా ఆయనకు ఫోను చేసి చెప్పాను. "పాపేదీ?" అని మాత్రం అడిగారు. ఒళ్ళోనే ఉందన్నాను. "ఏదీ, మాట్లాడించు" అన్నారు.

అత్తయ్యకు సంగతి దాచలేకపోయాం. కొంగు నోటికడ్డం పెట్టుకుని విన్నారు. కన్నీళ్ళు వస్తాయనుకున్నాను. ఆమె భర్త వైపు తిరిగి, "అయితే ఏడాదిగా నా వంట అమృతం, అమృతం అంటున్నది ఇందుకా?" అన్నారు.

"ఏదో ఒకటి అనాలి కదే."

"ముప్పై ఆరేళ్ళు వంకలు పెట్టి, ముక్కు పోయాక మెచ్చుకున్నావు. నేనే పిచ్చిదాన్ని, మారావనుకున్నాను." అని లోపలికెళ్ళిపోయారు. కాసేపటికి ఆయనకి కాఫీ వచ్చింది. అందరికంటే ముందు.

తర్వాతి నాలుగు రోజులూ షెడ్డులో పని జరిగింది. బ్రేకుల్లో రబ్బరన్నది ఎక్కడున్నా తీసి పారేశారు. పెడలు వెనక సిలిండరు, చక్రాల దగ్గరి కప్పులు, గొట్టాలు, అన్నీ కొత్తవి. పాతవి పళ్ళెంలో వేస్తే, బూరెల్లా ఉబ్బి మెత్తగా ఉన్నాయి. పని మామయ్యే చేశారు, మెకానిక్ స్టూలు మీద కూర్చుని ప్రతి బోల్టూ మళ్ళీ తనిఖీ చేశాడు. ఇన్నేళ్ళలో ఆయన మీద ఒకరు తనిఖీ చేయడం అదే మొదలు. "చూడు నాయనా, బిగిసిందా?" అని అడిగినప్పుడల్లా ఆయన గొంతు పిల్లవాడిలా ఉండేది. నేను ఒక్కో నూనెకీ పేరు చదివి, నీళ్ళలో చుక్క వేసి చూసి అందించాను. ఆ నాలుగు రోజులూ ఆయన పిల్లను ఎత్తుకోలేదు. అది కాళ్ళకు చుట్టుకుంటే, "అమ్మ దగ్గరకెళ్ళు తల్లీ" అని పక్కకు తప్పుకునేవారు.

ఆదివారం నాటికి బండి తయారైంది.

"పాపని ఎక్కించొద్దు" అన్నారు మామయ్య. "నేనొక్కణ్ణీ వెళ్ళొస్తా."

పిల్లను మా ఆయన చేతిలో పెట్టి, నేను ముందు సీట్లో కూర్చున్నాను. వీధి చివరికొచ్చాం. ఏటవాలు మొదలైంది. ఆయన కారుని నడక వేగంతో దింపుతున్నారు. చెమట చెంప మీదుగా కాలరులోకి జారుతోంది. కింద సిగ్నలు ఎర్రగా ఉంది. ముందు ఒక స్కూటరు, దాని మీద ఇద్దరు.

బ్రేకు వేశారు. స్కూటరుకి రెండు గజాల ఇవతలే, కుదుపు లేకుండా కారు ఆగింది.

"ఆగింది" అన్నారు, తనకు తానే కబురు చెప్పుకుంటున్నట్టు.

ఆయన నావైపు చూసి, కిందికి చూశారు.

"అమ్మాయ్, కాలు తియ్యి. నీ వైపు బ్రేకు లేదు."

చూసుకుంటే నా కుడికాలు నేలరేకును బలమంతా పెట్టి తొక్కి ఉంది. తీయబోయాను. మోకాలు మాట వినలేదు. పచ్చలైటు పడింది, స్కూటరు కదిలింది, వెనకెవరో హారను మోగించారు.

"పోనివ్వండి మామయ్యా" అన్నాను, కాలు అలాగే ఉంచి.