అమ్మ తిన్నదే బర్రెకు

నా చిన్నప్పుడు అంటే మరీ పాతకాలం అనుకోకండి. ఊళ్ళో ఇద్దరు ముగ్గురి చేతుల్లో సెల్‌ఫోన్లు కనబడడం మొదలైన రోజులే. నేను నాలుగో తరగతి. అయినా మా ఇంట్లో ఇప్పటి పిల్లలందరికీ నేనే పెద్దమ్మను కాబట్టి, పాత ముచ్చట చెప్పమని అందరూ నా మీదే పడతారు. ఏ ముచ్చట చెప్పినా చివరికి నాకు కోపం వస్తుంది. ఇదైతే మొదలుపెట్టకముందే వస్తుంది.

మాది ధరూర్ దగ్గర పల్లె. మా వైపు విత్తనం కోసం సీడు పత్తి పండిస్తారు. సాయంత్రం మొగ్గలు ఒలిచి పెట్టుకుని, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి వాటికి రుద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటారు, అందులో పనంతా ఆడవాళ్ళదీ, ఆడపిల్లలదీ. ఎండ నడినెత్తికి వచ్చేలోపు రుద్దడం అయిపోవాలి. ఆలస్యమైతే ఆ రోజు మొగ్గలన్నీ దండగ. ఒకరోజు రానిదాన్ని మర్నాడు ఆ చేను వాళ్ళు పిలవరు. చెల్లె పుట్టిన మూడో నెలలోనే అమ్మ ఆ పనికి పోయింది. గట్టు మీద వేపచెట్టుకు పాత చీరతో ఉయ్యాల కట్టి, చెల్లెను అందులో వేసి, నన్ను కాపలా కూర్చోబెట్టింది. ఆ సీజనంతా నా బడి ఆ చెట్టు కిందే.

పాలిచ్చే తల్లులకు అంగన్‌వాడీలో నెలనెలా పొడి ప్యాకెట్లు ఇచ్చేవారు. గోధుమలు, పప్పు వేయించి, చక్కెర కలిపి పట్టించిన పొడి. ఇచ్చేది నెలకు ఒక్క రోజు, పొద్దున పది నుంచి పన్నెండు దాకా. తల్లి స్వయంగా రావాలి. పిల్లను తెచ్చి తూకం వేయించాలి, రిజిస్టర్‌లో వేలిముద్ర వేయాలి. ఈ వేళ పెట్టిన మహానుభావుడు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఆయన పత్తి చేను ఎన్నడూ చూసి ఉండడు. ఊళ్ళో పాలిచ్చే తల్లులు సగం మంది చేలల్లో పువ్వులు రుద్దే గంటలు చూసి మరీ పెట్టినట్టుంది.

మొదటి నెల మా అవ్వ, అంటే నాయన తల్లి, చెల్లెను చంకనేసుకుని పోయింది. తల్లి రావాలె, గిదే రూలు, నేనేం జేస్త అని టీచర్ తిప్పి పంపింది. పాపం ఆమెకు మాత్రం పైనుంచి ఎవరు ఏం చెప్పారో. రెండో నెల అమ్మ పని మానుకుని పోయింది. సెంటర్‌కు తాళం. టీచర్ మండలంలో మీటింగుకు పోయిందట. ఆ మీటింగు కూడా పౌష్టికాహారం గురించేనని తర్వాత తెలిసింది. నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తేల్చుకోలేను. ఇక్కడ ఒక పూట పని పోయింది, అక్కడ ప్యాకెట్ రాలేదు. మర్నాడు అమ్మ ఆ చేను వాళ్ళను బతిమాలుకుని మళ్ళీ వరుసలో నిలబడింది.

చెల్లె చిక్కిపోతూ వచ్చింది. పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఏడ్చేది, మళ్ళీ పట్టుకునేది, మళ్ళీ ఏడ్చేది. అమ్మకు పాలు సరిగ్గా చేపడం లేదని పక్కింటి ఖాలమ్మ ముందుగా కనిపెట్టింది. ఖాలమ్మ ఆ అంగన్‌వాడీలోనే ఆయా. పిల్లలకు వండేది ఆమే, ఊడ్చేది ఆమే, తూకం కొక్కేనికి పిల్లల్ని వేలాడదీసేదీ ఆమే. మా బర్రె పాలిచ్చే రోజుల్లో చాయకు పాల కోసం రోజూ సాయంత్రం చిన్న గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చేది. మూడో నెల టీచర్‌తో ఏం మాట్లాడిందో ఏమో, తూకం కాటా సాయంత్రం దాకా విప్పకుండా ఉంచి అమ్మను పిలిపించింది. చెల్లెను వేలాడదీస్తే ముల్లు కొద్దిగా కదిలి ఆగిపోయింది. చార్టు మీద టీచర్ పెట్టిన చుక్క ఆ వయసు పిల్లలకు ఉండాల్సిన గీత కన్నా కిందికి పడింది. గిట్లైతే పిల్ల నిలవదు అని ఖాలమ్మ అమ్మతో మెల్లగా అనడం నేను విన్నాను. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సరిగ్గా పోలేదు.

సరే, రెండు ప్యాకెట్లు చేతికొచ్చాయి. మా ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కవరు మీదిది గట్టిగా చదివి వినిపించాను. గర్భిణులకు, బాలింతలకు అని ఉంది. పక్కన ఒక తల్లి బొమ్మ, నిండు చెంపలతో నవ్వుతోంది. అవ్వ అంతా విని, పసిపిల్ల పొడి తినదు గదా అంది. తల్లికి అని మళ్ళీ చదివాను. అవ్వ పొడిని వాసన చూసి మొహం చిట్లించింది. ఆ వారమే మా బర్రె ఈనింది. ఈనిన బర్రెకు మా ఇంట్లో జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. ఉడకబెట్టిన జొన్నలు, బెల్లం, పల్లి చెక్క, తవుడు కలిపి గోలెం నిండా కుడితి పెట్టేవాళ్ళం. దుడ్డె కోసం ఒక సన్ను పిండకుండా వదిలేవాళ్ళం. అవ్వ ఆ పొడి కవరు విప్పి తీసుకుపోయి గోలెంలో రెండు గుప్పిళ్ళు వేసింది. పాలిచ్చేదానికేనంట గదా, బర్రె గూడ పాలిస్తది అంది.

అవ్వ ఒక్కతే అయితే అవ్వను తిట్టుకుని ఊరుకునేదాన్ని. అమ్మ కూడా అంతే. బర్రెకే పెట్టు అత్తా, నాకు ఆ వాసన పడదు అంది. వాసన పడకపోవడం ఏమీ లేదు. ఇంట్లో తనకంటూ విడిగా ఏదైనా తినడం అమ్మకు చేతకాలేదు, అంతే. కుడితి కలపడం నా పని కాబట్టి ఆ పొడిని కలిపిన చేతులూ నావే. కలిపేటప్పుడు చాటుగా ఒక గుప్పెడు నోట్లో పోసుకున్న మాట కూడా దాచను. తియ్యగా ఉండేది. రెండు నెలలు సర్కారును తిట్టి, మూడో నెల మా అంతట మేమే దాన్ని బర్రె నోట్లో పోశాం.

నాలుగు రోజులకు ఒక ప్యాకెట్ అయిపోయింది. ఖాళీ కవరు గోలెం పక్కన పడి ఉంటే పాలకు వచ్చిన ఖాలమ్మ చూసింది. అవ్వ జోలికి పోకుండా నన్ను తమ వాకిట్లోకి పిలిచి, రెండో ప్యాకెట్ ఎవరికీ తెలియకుండా తెచ్చి తనకు ఇమ్మంది. తర్వాత ఒక పని చెప్పింది.

"రేపు పొద్దుగాల్నుంచి మీ అమ్మ ఏమేం తింటదో జర నదర్ పెట్టి చూడు. ఆమె ఎంత తింటే గంతే సాయంత్రం గోలెంల వెయ్యి. ఇంకోటి వెయ్యకు. ఎవ్వరికీ చెప్పకు."

మర్నాడు నేను అమ్మను చూశాను. రోజూ పక్కనే ఉండి కూడా అంతకుముందు ఎన్నడూ చూడలేదని అప్పుడు తెలిసింది. పొద్దున ఒక గ్లాసు చాయ. అది కూడా నిలబడి, చెల్లెను మోకాలి మీద ఆనించుకుని తాగింది. క్రాసింగ్ అయ్యాక గట్టు మీదికి వచ్చి మూట విప్పితే ఒక జొన్న రొట్టె, కొంచెం ఉల్లికారం. నాకు ఆకలేస్తోంది అన్నాను, రోజూ అనే మాటే. సగం తుంచి నాకిచ్చింది. నేను తినేశాను. తిన్నాక గుర్తొచ్చింది, లెక్కలో ఇక సగమే ఉందని. తర్వాత చెల్లెకు పాలిస్తూ రెండు చెంబుల నీళ్ళు తాగింది. మళ్ళీ సాయంత్రం మొగ్గలు ఒలవడానికి చేనులోకి దిగింది.

పొద్దు వాలాక చెల్లెను అమ్మ చేతికిచ్చి, నేను ఆమెకంటే ముందు ఇంటికి ఉరికి, గోలెంలో సగం రొట్టె వేసి, ఒక గ్లాసు చాయనీళ్ళు, రెండు చెంబుల నీళ్ళు పోశాను. ఉల్లికారం మాత్రం వేయలేదు, బర్రె ఏం పాపం చేసిందని. ఆ గోలెంలోకి చూస్తే నాకే సిగ్గేసింది. నీళ్ళ మీద రొట్టె ముక్క ఒక్కటే తేలుతోంది.

అవ్వ చెంబు పట్టుకుని పాలు పిండడానికి కూర్చుంది. ముందర కుడితి లేనిదే మా బర్రె చేపదు, పాలు వదలదు. గోలెంలో మూతి పెట్టి, తీసి, అవ్వ వైపు తిరిగి చూసింది. అవ్వ దుడ్డెను విడిచి తాపించి, మళ్ళీ కూర్చుంది. చుక్క రాలేదు. మెడ నిమిరింది, బుజ్జగించింది, తిట్టింది. మూడోసారి సన్ను పట్టుకోగానే బర్రె ఒక్క తన్ను తన్నింది. చెంబు దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది. అవ్వ లేచి గోలెంలోకి చూసి, నా వైపు తిరిగింది.

"ఏం పెట్టినవే దీనికి?"

అప్పటికే ఖాలమ్మ గిన్నె పట్టుకుని దడి దగ్గర నిలబడి ఉంది. అమ్మ అప్పుడే చేను నుంచి వచ్చి కడప మీద కూలబడి చెల్లెకు పాలిస్తోంది. చెల్లె వదిలేసి ఏడుస్తోంది.

"నీ కోడలు ఇయ్యాల తిన్నదే పెట్టించిన, పెద్దమ్మా," అంది ఖాలమ్మ. గొంతు ఏమాత్రం పెంచలేదు. "బర్రె తన్నింది గన్క నీకు తెల్సింది. కోడలు తన్నదు గద."

అవ్వ మళ్ళీ ఒకసారి గోలెంలోకి చూసింది. తర్వాత వంగి చెంబు తీసుకుని, నన్ను పొయ్యి ముట్టించమంది. ఖాలమ్మ కొంగు చాటు నుంచి ప్యాకెట్ తీసి ఇచ్చింది. అవ్వ పొడిని బెల్లంతో ఉడికించి, ఇంట్లో మగవాళ్ళెవరూ తినకముందే అమ్మ ముందర పెట్టింది. అమ్మ సిగ్గుపడి గోడ వైపు తిరిగి తింది. అవ్వ ఎదురుగా కూర్చుని గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదు. మధ్యలో ఒకే మాట అంది, ఐదు కాన్పులల్ల నన్ను తిన్నవా అని ఎవరడిగిన్రు అని. అమ్మను అన్నదో తనను తానే అనుకుందో తెలియదు. అప్పటిదాకా అవ్వ మీద నాకున్న కోపం ఎటు పోవాలో తెలియక అట్లాగే ఉండిపోయింది.

అద్భుతాలేం జరగలేదు. ప్యాకెట్లు వచ్చిన నెల వచ్చేవి, రాని నెల రాలేదు. అవి రాని నెల అవ్వ బర్రెకు ఉడికించిన జొన్నల్లోంచే ఒక ముంత పక్కకు తీసి అమ్మకు పెట్టేది. చార్టులో చుక్క మెల్లమెల్లగా పైకి జరిగింది. మర్నాటి నుంచి నేను గట్టు మీద అమ్మను రొట్టె అడగడం మానేశాను. ఆకలేస్తే వేపచెట్టును చూస్తూ కూర్చునేదాన్ని.

ఇప్పుడు సెంటర్‌లోనే కూర్చోబెట్టి తల్లులకు అన్నం, గుడ్డు, పాలు పెడుతున్నారు. మంచిదే. కానీ అదీ మధ్యాహ్నమే, చేలల్లో పని తెమలని వేళకే. మొన్న ఈ మాట అంటే, మాకు టైం పైనుంచి వస్తది అక్కా అంది అక్కడి టీచరమ్మ. ఇన్నేళ్ళయినా ఆ పైనున్నవాళ్ళు ఒక్కసారి కిందికి దిగి చేను గట్టు మీద కూర్చోలేదు.

ఆ రోజు కొంచెమైతే దక్కకుండా పోయేదనుకున్న మా చెల్లెకు పోయిన ఏడు కూతురు పుట్టింది. వనపర్తిలో అత్తగారిల్లు. చూడబోయినప్పుడల్లా పిల్లను ఎత్తుకోకముందే వంటింట్లోకి పోతాను. తిన్నా అక్కా అంటుంది. నమ్మను. కంచం చూపించమంటాను, గిన్నెల మూతలు తీస్తాను, ఆమె ఎదురుగా కూర్చుని చివరి ముద్ద దాకా చూస్తాను. ఈమెకిదేం పిచ్చి అని వాళ్ళ అత్త నవ్వుతుంది. నవ్వనీ. వచ్చేటప్పుడు చెల్లె చెవిలో ఎప్పుడూ ఒకటే చెప్పి వస్తాను, పెట్టకపోతే తన్నవే అని.